మా బావ విప్పిన కారు

రేపు సాయంత్రానికల్లా స్కూటరు చేతికిచ్చేస్తానన్నాడా మెకానిక్కు? వెనక షాకబ్జార్లు రెండూ మార్చి, కడిగి మరీ ఇస్తానన్నాడా? అయితే వాడికి పని రాదు. నవ్వుతావేమిటే, పని వచ్చినవాడెవడైనా ఒక్కరోజులో తేలుస్తాడా? పనంటే మీ తాతది. మీ తాతంటే నాకు బావ, అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడు కాబట్టి నీకు గోడమీది ఫోటోయే తెలుసు. ఆ ఫోటో చూసి మోసపోకు. అందులో అంత నెమ్మదిగా ఉన్నాడంటే ఫోటో తీసినవాడు కదలొద్దన్నాడు కాబట్టి. ఒక పాత కారు వెనకభాగం విప్పి మళ్ళీ బిగించడానికి ఆ మహానుభావుడికి పట్టిన కాలంలో ఈ ఊరి కాలవ మీద వంతెన కట్టారు, అది కూలింది కూడా. సరే, కూలలేదులే, బీటవారింది. నీతో ఇదే తంటా, ప్రతిదానికీ సాక్ష్యం కావాలంటావు. సాక్ష్యం నేనే. అప్పట్లో టెలిఫోను ఆఫీసులో పనిచేస్తూ అక్కావాళ్ళ మేడమీద గదిలో ఉండేదాన్ని. కిటికీ తీస్తే ఎదురుగా కారు షెడ్డు. కాస్త ఉప్పూకారం నేను చల్లినా, వండింది మాత్రం మా బావే.

ఆయనది తూనికలు, కొలతల ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే సంచీలో ఇత్తడి తూకపురాళ్ళు వేసుకుని బయల్దేరి, కొట్టుకొట్టుకీ వెళ్ళి, నీ త్రాసు తప్పు, నీ గజంబద్ద తప్పు, నీ లీటరు చెంబు తప్పు అని చెప్పి సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. ఏళ్ళతరబడి ఊరందరి తప్పులూ పట్టిన మనిషికి తన తప్పు కనపడాలంటే ఎలా కనపడుతుంది చెప్పు? గుమ్మం తలకి తగిలితే గుమ్మం ఎత్తు తక్కువ పెట్టారనేవాడు. 'నాదే పొరపాటు' అన్న మాట ఆ నోట వినడం అక్కకి పెళ్ళైన నాటినుంచి ఒక్కసారి కూడా జరగలేదు. ఓసారి కళ్ళజోడు మర్చిపోయి నా చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళొచ్చాడు. వచ్చి, నావంక జాలిగా చూసి, "ఏం మరదలా, ఈ మధ్య నీ పాదాలు మగాళ్ళ పాదాల్లా పెరుగుతున్నాయే, డాక్టరుకి చూపించుకో" అన్నాడు. అదీ మనిషి.

ఇక కారు. వాళ్ళ పెదనాన్నగారు పోతూపోతూ ఇచ్చి వెళ్ళారు. నల్లగా, గుండ్రంగా, ముందు రెండు పెద్ద దీపాలతో కళ్ళజోడు పెట్టుకున్న హెడ్మాస్టరులా ఉండేది. వెనకభాగం కుంగిపోయి, ఇద్దరు లావుపాటి వాళ్ళు ఎక్కితే ముక్కెత్తి ఆకాశం చూసేది. ఆదివారం ఆదివారం బావ దాన్ని తుడిచేవాడు. తుడవడం అంటే నువ్వు నీ స్కూటర్ని తుడిచినట్టు కాదు, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు. అక్క దాన్ని సవతి అనేది. నేను ఒప్పుకోలేదు. "ఇంట్లో కదలకుండా కూర్చుని అందరిచేతా సేవలు చేయించుకుంటూ, ఏమన్నా అంటే కిర్రుమనేది సవతి ఎందుకవుతుందే, అత్తగారవుతుంది" అన్నాను. అప్పట్నించీ అందరికీ అది అత్తగారే. బావకి తప్ప. బావ మాత్రం 'బండి' అనేవాడు, అదీ ఎంతో మర్యాదగా.

అక్క ముందుగదిలో అమ్మాయిలకి కుట్టు నేర్పేది. మీ అమ్మమ్మ చేతి కుట్టు నువ్వు చూశావుగా, చీమ నడిచినా అంత వరసగా నడవదు. పేరొచ్చింది, అమ్మాయిలొచ్చారు, చోటే చాలలేదు. మిషను మీద మిషను. గుడ్డ కత్తిరించడానికి నేల లేక ఒకత్తి వీపు మీద పరిచి ఇంకొకత్తి కత్తిరించేది. ఓసారి గుడ్డతోపాటు కిందున్నదాని జడకూడా తెగింది. కొసే అనుకో. ఈలోగా బజార్లో ఎవరో కొత్తగా కుట్టుబడి పెట్టారు, పెద్ద హాలు, నిలువుటద్దాలు. తల్లులు ఒక్కొక్కళ్ళే వచ్చి, "ఏమీ అనుకోకండి టీచరమ్మా, మా పిల్లకి మోకాళ్ళు ముడుచుకు కూర్చోడం కష్టంగా ఉందిట" అని తీసుకుపోవడం మొదలెట్టారు. అక్కకి భయం పట్టుకుంది. ఆ షెడ్డేమో రెండువైపులా వెలుతురు, చాప పరిస్తే పదిమంది కూర్చునేంత నేల, మధ్యలో అత్తగారు. "ఆ షెడ్డు దొరికితే నా బడి నిలబడుతుంది, దొరక్కపోతే ఇవాళ కాకపోతే రేపు ఎత్తేసుకోవాలి" అని బావతో తెగేసి చెప్పింది. పెళ్ళిళ్ళకి పాత కార్లు అద్దెకిచ్చే ఆసామి ఒకడు ఎప్పట్నించో అడుగుతున్నాడు. బావ సరే అన్నాడు. ఆ సరే అన్నప్పుడు కారు తలుపు నిమురుతున్నాడు. చెప్పొద్దూ, నాకప్పుడే మనసులో గంట కొట్టింది.

ఆసామి ఆదివారం వస్తానన్నాడు. శనివారం పొద్దున్నే ఠంగ్, ఠంగ్ అని చప్పుడు. కిటికీ తీసి చూద్దును కదా, అత్తగారి వెనకభాగం గాల్లో ఉంది, చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి, కిందనుంచి బావ కాళ్ళు. అక్క పరిగెత్తుకొచ్చింది. "ఏమండీ, రేపు ఆయనొస్తుంటే ఇదేంటండీ?" కాళ్ళు జవాబిచ్చాయి: "కుంగిన బండి ఎలా అమ్ముతామోయ్? కొలతలు చూసేవాడి ఇంట్లోంచి వంకర బండి వెళ్ళిందంటారు. కమానులు విప్పి, బాగుచేసి, దర్జాగా అమ్ముదాం. ఎంతలో పని." ఆ 'ఎంతలో పని' అన్న మాట పట్టుకుని మూడేళ్ళు వేలాడాం.

కమాను కట్టంటే తెలుసా నీకు? విల్లులా వంచిన ఇనపపట్టీలు. పొడుగుది పైన, దానికింద కాస్త పొట్టిది, దానికింద ఇంకా పొట్టిది, అన్నిటినీ కట్టగట్టి మధ్యలోంచి ఒక బోల్టు దింపుతారు. అలాంటి కట్టలు వెనక ఇరుసుకి అటొకటి, ఇటొకటి. బండి గోతిలో పడ్డప్పుడు అవి వంగుతాయి కాబట్టి మన నడుం నిలుస్తుంది. వంగడమే వాటి ఉద్యోగం. మా బావకి చచ్చినా చేతకానిది అదొక్కటే, అందుకే కాబోలు వాటిమీద అంత పట్టుదల.

విప్పినవి షెడ్లో ఉంటే తుప్పుపడతాయని ఇంట్లోకి తెచ్చాడు. ఎడమకట్ట భోజనాలబల్ల కింద, కుడికట్ట కిటికీ గూట్లో. ఇరుసు ముందుగదిలో గోడవారగా పడుకుంది, అమ్మాయిలు దానికి సంచులు తగిలించుకునేవాళ్ళు. నట్లూ బోల్టులూ కిరసనాయిల్లో నానడానికి వంటింటి గిన్నెలన్నీ వెళ్ళిపోయాయి. నేనోసారి మజ్జిగనుకుని మూతతీస్తే అందులో షాకబ్జారు తేలుతోంది. అక్క తెల్లచొక్కాలకి కాలర్లు కుట్టిస్తుంటే ఈయన పక్కనే కూర్చుని ఉప్పుకాగితంతో తుప్పు గీకేవాడు. ఆ ఎర్రదుమ్ము కాలర్ల మీద. ఒక పెద్దమనిషి చొక్కా అలాగే తొడుక్కుని పెళ్ళిచూపులకి వెళ్తే మెడకి ఏదో జబ్బుందని పిల్లనివ్వనన్నారుట. ఆ సంబంధం నిజంగానే తప్పింది, కారణం అదే అని నేను అనుకుంటున్నాను.

ఇక సలహాసభ సంగతి చెప్పాలి. ఒక మొగాడు కారుకింద పడుకుంటే వీధిలో మొగాళ్ళందరికీ ఎలా తెలిసిపోతుందో నాకు ఈ నాటికీ అర్థం కాదు. నెయ్యి వాసనకి కూడా అంత తొందరగా రారు. పళ్ళ డాక్టరు తన చిన్న అద్దం తెచ్చి బోల్టుల వెనక పెట్టి చూసి, "పీకేయడమే మంచిది" అనేవాడు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. ఎదురింటి లెక్కల మాస్టారు పట్టీల వంపుకి గోడమీద బొగ్గుతో లెక్క వేసి, చివరికి, "సమాధానం రుణసంఖ్య వచ్చింది, అంటే ఈ కారుకి వెనకభాగం లేదు" అని తేల్చాడు. పోస్టుమాస్టరుగారైతే ఏమీ చెప్పడు, ప్రతిదానికీ "మా రోజుల్లో ఇనుమే వేరు" అని నిట్టూర్చేవాడు. అందరూ చాపలేసుకుని కారుకింద దూరేవాళ్ళు. వాళ్ళ పెళ్ళాలు మా గేటు దగ్గరికొచ్చి కాళ్ళని చూసి పోల్చుకుని, "ఇదిగో, ఈ పగిలిన మడమలు మావారివి, కాస్త లేవమనండి" అని పిలుచుకుపోయేవారు. ఓసారి మాస్టారి భార్య తొందర్లో పళ్ళ డాక్టరు కాలు పట్టుకుని లాగింది. ఆవిడా ఆయనా నాలుగువారాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఇంతమందికీ టీలు ఎవరు పెట్టారంటావు? అక్క.

ఏదడిగినా బావ దగ్గర కారణం సిద్ధంగా ఉండేది. పట్టీలకి రంగేశాడు, వానొచ్చింది, చెమ్మ పట్టిందని గీకేసి మళ్ళీ వేశాడు. కట్ట చివర్లలో రబ్బరు బుష్షులుంటాయి, అవి తెప్పిస్తే వెంట్రుకవాసి తేడా ఉందని తిప్పి పంపాడు. మళ్ళీ వచ్చినవి సరిపోయాయి, అయితే నల్లగా లేవు, ముదురు బూడిదరంగులో ఉన్నాయట. కారు కిందుండే రబ్బరు, నాయనా, దాన్నెవరు చూస్తారు? "నాకు తెలుస్తుందిగా" అనేవాడు. పెళ్ళికార్ల ఆసామి వచ్చినప్పుడల్లా, "అయిపోవచ్చిందండీ, పై నెల" అని చెప్పి పంపేవాడు. ఆ పై నెల ఎటు పోయేదో. అమ్మాయిలు మాత్రం ఆగలేదు. ఇరుసుకి తగిలించే సంచులు తగ్గుతూ వచ్చాయి.

అప్పుడొకరోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ లేదు. కిటికీలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నా. కింద షెడ్లో బావ ఒక్కడే. రెండు కట్టలూ పక్కపక్కనే పెట్టుకున్నాడు, నల్లగా నిగనిగలాడుతున్నాయి, పట్టీకీ పట్టీకీ మధ్య గ్రీజు, బోల్టులు బిగించి ఉన్నాయి. పనైపోయింది. చేతులు తుడుచుకున్నాడు. కాసేపు వాటినే చూశాడు. తర్వాత వీధివైపు చూశాడు, వంటింటివైపు చూశాడు, పైకి మాత్రం చూడలేదు, చూస్తే నేనున్నా కదా. చూసి, స్పానరు తీసుకుని, బిగించిన నట్టునే మెల్లిగా, దొంగ తాళం తీసినట్టు, మళ్ళీ విప్పడం మొదలెట్టాడు! ఓరి నీ అసాధ్యం కూలా అనుకున్నా. మూడేళ్ళుగా బాగుచేయడం కాదమ్మా అది, బాగవకుండా చూసుకోవడం. కారు పూర్తయితే కారు పోతుంది. అందుకని పూర్తవనివ్వడం లేదు.

జుట్టు ముడేసుకోకుండానే దిగి అక్కకి చెప్పాను. అరుస్తుందనుకున్నా. గిన్నెలు విసురుతుందనుకున్నా, గిన్నెలేవీ, అన్నిట్లో బోల్టులేగా. అక్క నోట్లో ఉన్న దారం కొరికి తీసి, "వచ్చేవారం ఈయన క్యాంపుకి వెళ్ళాలిగా?" అంది. అంతే. నేను పుట్టినప్పట్నించీ చూస్తున్న అక్క, ఆ నవ్వు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

బావ తూకపురాళ్ళ సంచీ భుజాన వేసుకుని వీధి మలుపు తిరిగాడో లేదో, అమ్మాయిలందరూ షెడ్లో ఉన్నారు. మెడలో కొలతల టేపులు, వేలికి సూది గుచ్చుకోకుండా తొడుక్కునే అంగుష్ఠానాలు, చేతిలో స్పానర్లు. వాళ్ళకి రాకేం? మూడేళ్ళుగా కాజాలు కుడుతూ అదే చూస్తున్నారు, ఏ బోల్టు ఏ గిన్నెలోదో నిద్రలో చెప్పేవాళ్ళు. అక్క నేలమీద తెల్లగుడ్డ పరిపించి, కట్టలు రెండూ దానిమీద పెట్టించింది. ఇరుసు వచ్చి కూర్చునే ఆ నడిమి బోల్టు ఉందే, అది సరిగ్గా నడుమ ఉండదు. ఓవైపు పట్టీ కాస్త పొట్టి, ఓవైపు పొడుగు. రెండు కట్టలకీ పొట్టివైపు ఎడమకే ఉంది. అక్క వాటిని చూసింది, తల వంచి చూసింది, అటుపక్కకెళ్ళి చూసింది. "ఆగండాగండి, ఇదేంటి, రెండూ ఒకే చేతివి!" అంది. కుట్టుపనిలో మొదటి పాఠం అది. చొక్కాకి చేతులు కత్తిరించేటప్పుడు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, రెండూ ఒకేవైపు తిరిగి ఉంటే రెండూ ఎడమచేతులే అవుతాయి, చొక్కా తగలెయ్యాల్సిందే. కొత్తగా చేరిన ప్రతి పిల్లా ఆ తప్పు చేసి ఏడ్చేది. "ఏమర్రా, కుడిదీ ఎడమదీ మొహమొహాలు చూసుకోవాలని రోజూ చెప్తాను కదూ? ఈయన మూడేళ్ళు చూసీ ఇంతమాత్రం పట్టించుకోలేదు" అని కుడికట్టని ఎత్తించి అటుదిటు తిప్పించింది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను, నాకు టెలిఫోను వైర్లు తప్ప ఏం తెలుసు? బిగించేటప్పుడు ఇరుసు మొరాయించింది, ఓమూల కూర్చోనంది. "కొత్తబట్ట మొదట్లో అలాగే పట్టేస్తుంది, వేసుకుంటే సాగుతుంది" అంది అక్క. అందరూ ఊపిరి బిగించి ఒక్క తోపు తోశారు. కూర్చుంది. చక్రాలు ఎక్కాయి. జాకీ దింపారు. అత్తగారు మూడేళ్ళ తర్వాత నేలమీద కాలు మోపింది. ఆ చప్పట్లు మా టెలిఫోను ఆఫీసుకి వినిపించాయిట.

పెళ్ళికార్ల ఆసామికి ఫోను నేనే కలిపాను. బావ క్యాంపునుంచి దిగేసరికి ఆయన గేటు దగ్గర ఉన్నాడు, వీధంతా గోడలెక్కి ఉంది, కారు నాలుగు చక్రాల మీదా ఉంది. బావ మొహం చూడాలి! ఎవరో ఇల్లు దోచేసి, వెళ్తూవెళ్తూ ఊడ్చి ముగ్గుపెట్టి వెళ్ళినట్టుంది. సంచీ కూడా దించలేదు. "ఎవరు బిగించారు?" అన్నాడు. "మేమేనండీ!" అని అమ్మాయిలందరూ ఒకేసారి. ఆయన ముందుసీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఆసామి స్టీరింగు దగ్గర, అక్క వెనకసీట్లో రాణీగారిలా.

కారు గేటు దాటింది. దాటి, నేరుగా వెళ్ళాల్సింది, పీతలా నడవడం మొదలెట్టింది. అబద్ధం కాదే, నీమీద ఒట్టు. ముక్కేమో పళ్ళ డాక్టరు గేటువైపు, నడకేమో పోస్టాఫీసువైపు. ముందు చక్రాలది ఒక దారి, వెనక చక్రాలది ఒక దారి. ఎదురుగా సైకిలుమీద వచ్చేవాడు ఏ పక్కనుంచి తప్పుకోవాలో తెలీక దిగి, సైకిలు భుజాన వేసుకుని అరుగెక్కాడు. డాక్టరు తన ఇంట్లోకే వస్తోందనుకుని గేటు తెరిచాడు, అది ఆయన వంక చూస్తూ చూస్తూనే పక్కకి జరిగి వెళ్ళిపోయింది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి ఆసామికి చెమటలు. దిగి, చేతులు జోడించాడు. "అమ్మా, నాది పెళ్ళిళ్ళ వ్యాపారం. ఇందులో పెళ్ళికూతుర్ని ఎక్కిస్తే పక్కింటి పెళ్ళిలో దిగుతుంది" అన్నాడు. వీధంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, కడుపు పట్టుకుని నవ్వాను.

ఆ నవ్వులోనే ఒక తల్లి గొంతు వినిపించింది. "ఎవరు బిగించారటా?" "ఇంకెవరు, కుట్టు టీచరమ్మ." "కుడీ ఎడమా తెలీనావిడా మన పిల్లలకి కత్తెర పట్టుకోడం నేర్పేది?" ఇంకో తల్లి కూతురి చెయ్యి పట్టుకుని గేటు బయటికి నడిచింది. దాని వెనక ఇంకొకత్తి కదలబోయింది. అక్క కారు దిగలేదు. వెనకసీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

అప్పటికి బావ ఇస్త్రీచొక్కాతోనే కారుకింద దూరాడు. ఎంతసేపో లేదు. ఆ కట్టని చూడగానే తెలిసిపోయుంటుంది: చొక్కా చేతుల్లా కాదు, కమాను కట్టలు రెండూ ఒకేవైపు తిరిగి ఉండాలిట. ఆలోచించు, ఇక ఆయన చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. తప్పు తనది కాదు, కొనేవాడు పోతున్నాడు, కారు దక్కుతుంది. బయటికొచ్చి, మోకాళ్ళు దులుపుకుని, గేటు దగ్గరున్న ఆ తల్లులకి వినపడేలాగా, కొట్లో త్రాసు తప్పని చెప్పే గొంతుంటుందే, ఆ గొంతుతో అన్నాడు: "కుడికట్ట తిప్పి పెట్టింది నేను. క్యాంపుకెళ్ళేముందు నేనే అలా సిద్ధంచేసి వెళ్ళాను. పొరపాటు నాదే. ఆవిడా, పిల్లలూ బిగించిన బోల్టులన్నీ చూశాను, ఒక్కటి తప్పులేదు."

నీకు అర్థమవుతోందా? నాదే పొరపాటు అన్నాడు! లెక్కల మాస్టారు గోడమీంచి జారాడు. అమ్మాయిలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు, కుడికట్టని మోసినవాళ్ళు వాళ్ళేగా. బావ ఆసామి వైపు తిరిగి, "ఎండ తగ్గాక రండి, సరిగ్గా నడుస్తుంది" అన్నాడు. అప్పుడు పోస్టుమాస్టరుగారు, ఏనాడూ పనికొచ్చే మాట అనని మనిషి, "అదేంటండీ, మూడేళ్ళు పట్టిన పని ఈ పూటకల్లా అవుతుందా?" అన్నాడు. బావకి చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, చాపేసుకుని కారుకింద దూరాడు.

అక్క కారు దిగి, స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. చేతిలో ఎవరిదో చొక్కా, అంచు మడిచి కుడుతోంది. ఆయన చేతులు కదులుతుంటే చూడాలి! మూడేళ్ళు ఆయన తుప్పు గీకడమే చూశాం, పని చెయ్యడం చూడలేదని ఆ రోజు తెలిసింది. వెతుక్కోడం లేదు, తడుముకోడం లేదు, ఏ నట్టు ఏ స్పానరుకో చూడకుండా చెయ్యి చాస్తే అది చేతిలో ఉండేది. కట్ట దిగింది, తిరిగింది, ఎక్కింది. చక్రాలు నేలకి ఆనాకే చివరి బోల్టులు బిగించాడు, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడుతుందిట. అక్క చేతిలో అంచు పూర్తవకముందే లేచి నిలబడ్డాడు. అప్పుడు అడిగింది, మెల్లిగా, ఇద్దరికే వినపడేలా. నేను మేడమెట్ల మీద ఉన్నాను కాబట్టి ముగ్గురికి. "పూటపనా?" అంది. ఆయన చేతులు తుడుచుకుంటూ, ఆవిడ వంక చూడకుండా, "పూటపనే" అన్నాడు.

కారు తిన్నగా వెళ్ళింది. గీత గీసినట్టు వెళ్ళింది. మలుపు తిరిగేదాకా బావ చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు. గేటు బయటికెళ్ళిన ఆ పిల్ల మర్నాడే తిరిగొచ్చింది, దానితో ఇంకో ముగ్గురు. షెడ్డుకి సున్నం వేశారు, చాపలు పరిచారు, మిషన్ల రొదతో వీధిలో కాకులు గూళ్ళు మార్చేసుకున్నాయి. అక్క అనుకున్నది అక్కకి దక్కింది. అయితే ఈయనో? ఆఫీసునుంచి వచ్చి అలవాటుకొద్దీ షెడ్డు గుమ్మందాకా నడిచేవాడు. అక్కడ అమ్మాయిలుంటారు కదా. ఓ నిమిషం నిలబడి, ఎండ ఎక్కువగా ఉందనో, తక్కువగా ఉందనో ఏదో అని వెళ్ళిపోయేవాడు. సలహాసభ వాళ్ళు కూడా రావడం మానేశారు, దేని కింద పడుకుంటారు? తప్పులు పట్టడం కూడా తగ్గించేశాడు. నేను కావాలని ఆయన చెప్పులేసుకు తిరిగినా ఏమీ అనలేదు. అప్పుడు నాకే కాస్త దిగులేసింది.

ఓరోజు అలాగే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క తన సొంత మిషను, అన్నిట్లోకీ మంచిది, ఎత్తుకొచ్చి ఆయన ముందు పెట్టింది. "ఏదో చప్పుడు చేస్తోంది, విప్పి చూడండి" అంది. ముందురోజే దానిమీద నేను దిండుగలీబులు కుట్టుకున్నా, వెన్నలా నడిచింది. బావ చక్రం తిప్పి, చెవి ఆనించి విన్నాడు. "ఏం చప్పుడూ లేదేమోయ్" అన్నాడు. "ఉంది. నాకు వినిపిస్తోంది" అంది అక్క. ఆయన మళ్ళీ విన్నాడు. చాలాసేపు విన్నాడు. ఆ తర్వాత జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, మొదటి మర మీద ఆనించి, తలెత్తకుండా అడిగాడు, "ఎప్పటికి కావాలి?"

అక్క అప్పటికే వెనక్కి తిరిగి ఏదో పిల్లకి కాలరు సరిచేస్తోంది.

"తొందరేం లేదండీ" అంది.

...

ఏంటలా చూస్తావు? ఆ కిటికీ రెక్క కాస్త దగ్గరికి వెయ్యి. ఎండ నేరుగా కళ్ళలో పడుతోంది.